వారం వారం శీర్షిక, కదలని నవల: నా అనుభవమే కేస్ స్టడీగా

2021 జులైలో ఒక దినపత్రిక ఆదివారం అనుబంధం నుంచి ఫోన్ వచ్చింది. వారానికి 550 పదాల శీర్షిక రాయాలి. విషయం నా ఇష్టం. బుధవారం సాయంత్రానికి అందాలి. అప్పటికి నావి రెండు కథా సంపుటాలు వచ్చాయి. మొదటి నవల పదకొండు అధ్యాయాలు రాసి ఉన్నాను. గోదావరి పక్క ఊళ్ళో ఒక పెంకుటిల్లు, అది అమ్ముడుపోయాక ఆ ఇంటి మనుషుల్లో ఎవరికి ఏం మిగిలింది అన్నది నవల. ఇంకో ఏడాదిలో అయిపోతుందన్న ధైర్యంతో శీర్షికకి సరేనన్నాను.

2023 డిసెంబరులో శీర్షిక ఆపేనాటికి 126 వారాలు రాశాను. నవల పదమూడో అధ్యాయం దగ్గరుంది. ఆ రెండూ కూడా చివరి ఆరునెలల్లో వచ్చినవే. అంటే మొదటి రెండేళ్ళలో నవల అక్షరం కూడా ముందుకు కదల్లేదు. ఎందుకు కదల్లేదో, చివర్లో మళ్ళీ ఎలా కదిలిందో నా డైరీలు, పాత ఫైళ్ళు ముందేసుకుని రాస్తున్నాను. కథలు రాస్తూ, మధ్యలో పాఠకులకి క్రమం తప్పకుండా ఇంకేదో రాయడానికి ఒప్పుకున్న వాళ్ళకి ఇది పనికొస్తుందని నా నమ్మకం.

ఎవరికి చెప్పినా మొదట అనే మాట "టైం దొరికుండదు" అని. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను. కానీ డైరీ చూస్తే లెక్క వేరుగా ఉంది. ఆదివారం విషయం అనుకోవడం, సోమ మంగళవారాల్లో రాత్రి భోజనాలయ్యాక రాయడం, బుధవారం ఆఫీసుకి వెళ్ళేముందు సరిచూసి పంపడం. అన్నీ కలిపి వారానికి ఆరేడు గంటలు. గురు, శుక్ర, శనివారాల రాత్రులు ఖాళీనే. శీర్షిక లేనప్పుడు కూడా నవలకి నేను ఇచ్చింది ఆ మూడు నాలుగు రాత్రులే. ఆ రాత్రుల్లో ఫైలు తెరిచేదాన్ని. డైరీలో "కూర్చున్నాను, రాలేదు" అన్న ముక్క పదే పదే కనిపిస్తోంది.

అప్పుడప్పుడు వచ్చిన వాక్యాలు కూడా శీర్షిక వాక్యాలే. నవల్లో ఒక రైతు భార్య ఉంది, ఇల్లు ఖాళీ చేస్తూ అటక మీద సామాను దింపుతుంది. 2022 ఫిబ్రవరి ఫైల్లో ఆమె అటక కింద నిలబడి, "ఇల్లంటే గోడలు కాదు, ఆ గోడల మధ్య మనం మాట్లాడుకున్న మాటలు" అనుకుంటుంది. నా పాత్ర అలా ఆలోచించే మనిషి కాదు. ఇత్తడి గంగాళం ఎవరి వాటాకి వెళ్తుందా అని చూసుకునే మనిషి. ఆదివారం పేజీలో చివరి పేరా ఎలా ముగించాలో నా చేతికి అలవాటైపోయి, అదే ముగింపుని ఆమె నోట్లో పెట్టాను. 550 పదాల్లో పాఠకుణ్ణి కూర్చోబెట్టి, కదిలించి, ఒక మాట చేతిలో పెట్టి పంపాలి. ప్రతివారం అది చేస్తూ ఉంటే, ఏ సంగతి చూసినా దాని చివరి వాక్యమే ముందు తడుతుంది. కథకి అది పెద్ద దెబ్బ. చివరి వాక్యం ముందే తెలిసిన కథని రాయాలనిపించదు.

అసలు నష్టం మాత్రం మా మేనత్త రసీదు దగ్గర జరిగింది. ఆమె అనుమతి అడిగి, కొన్ని గుర్తులు మార్చి చెబుతున్నాను.

మా మావయ్య పోయాక కొన్నాళ్ళకి వాళ్ళ ఇల్లు అమ్మేశారు. కొన్నాయన ఆ ఊళ్ళో ఉండడు, పంచాయతీ రికార్డుల్లో పేరు మార్పించుకోలేదు. పన్ను నోటీసు ఇంకా మావయ్య పేరు మీదే వస్తుంది. అత్త ఇప్పుడు కొడుకు దగ్గర, వేరే ఊళ్ళో ఉంటుంది. అయినా ఏటా ఒకసారి బస్సెక్కి వెళ్ళి, అమ్మేసిన ఇంటికి ఇంటిపన్ను కట్టి, రసీదు తెచ్చుకుని తన ట్రంకుపెట్టెలో దాచుకుంటుంది. ఈ సంగతి నాకు 2018లో తెలిసింది. నవలకి విత్తనం అదే. పద్నాలుగో అధ్యాయంలో ఆ పంచాయతీ ఆఫీసు కిటికీ దగ్గరికి చేరాలని, అక్కడికి చేరడానికే మిగతాదంతా రాస్తున్నాను.

2022 మే నెలలో ఒక మంగళవారం రాత్రి నా దగ్గర విషయం ఏమీ లేదు. తెల్లారితే పంపాలి. టెన్షన్‌లో అత్త రసీదు తీసి రాసేశాను. గంటన్నర పట్టింది. "ఆ కాగితం మీద మావయ్య పేరు ఉన్నంతకాలం అత్త సుమంగళే" అని ముగించాను. రాసినప్పుడు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది నిజం. ఆ రెండున్నరేళ్ళలో అంత స్పందన ఇంకే వారానికీ రాలేదు. ఫోన్లు, ఉత్తరాలు, మా ఆఫీసులో కూడా మాట్లాడుకున్నారు.

వారం తిరక్కుండా అది వాట్సాప్‌లో పడింది. నా పేరు తీసేసి, కింద "సేకరణ" అని పెట్టారు. ఒకరు నేపథ్యంలో వయొలిన్ పెట్టి చదివి వీడియో చేశారు. 1957 కాపీరైటు చట్టం 57వ సెక్షన్ ప్రకారం రచన మీద తన పేరు ఉండాలని అడిగే హక్కు రచయితకి ఉంది. హక్కులు ఇంకొకరికి అమ్మేసినా ఆ హక్కు పోదు. ఆ మాట చెబుతూ వీడియో పెట్టినవాళ్ళకి మర్యాదగానే రాశాను, పేరు చేర్చారు. గ్రూపుల్లో తిరిగేదాన్ని ఆపడం నా వల్ల కాలేదు. అలా తిరిగి తిరిగి అది అత్త కోడలి ఫోన్లోకి వచ్చింది. కోడలు దాన్ని అత్తకి చదివి వినిపించింది.

అత్త నాకు ఫోన్ చేసింది. "ఏమే, నా పెట్టెలో కాగితం ఊరందరికీ చూపించావంట" అంది. నేను క్షమించమన్నాను. "సర్లే" అని పెట్టేసింది. తర్వాత ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు.

పద్నాలుగో అధ్యాయం ఆ ఫోన్ రాకముందే పోయింది. ఎన్నిసార్లు కూర్చున్నా పంచాయతీ కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి కనబడటం మానేసింది. ఆమె ఎందుకు వచ్చిందో నాకు తెలుసు, పాఠకులకీ తెలుసు, ఆదివారం పేపర్లో చెప్పేశాను. ఇక అక్కడ నేను వెతకడానికి ఏముంది? మిగతా 125 వారాల్లో ఇలా ఖర్చయిపోయినవి ఎన్నో నవల నోట్సుతో పోల్చి చూశాను. నోట్సులో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్న 31 సంగతుల్లో 19 శీర్షికలోకి వెళ్ళిపోయాయి. ఆ 19లో ఒక్కటి కూడా తిరిగి నవల్లోకి రాలేదు.

చిన్న ఇబ్బందులు కూడా చెప్పేస్తాను. నేను యూనికోడ్‌లో పంపిన ఫైలుని వాళ్ళ డీటీపీ ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు, పొల్లులు చెదిరేవి. ప్రూఫు నేనే చూస్తానని అడిగి, శుక్రవారం ఉదయం పీడీఎఫ్ తెప్పించుకోవడం మొదలుపెట్టాక ఆ బాధ తగ్గింది. ఇంకోటి, ఒక వారం రాసినదాన్ని పెంచి కథ చేసి పోటీకి పంపబోతే హామీపత్రం అడ్డొచ్చింది. ఇది నా సొంతం, అనువాదం కాదు, అచ్చులోగానీ వాట్సాప్, ఫేస్‌బుక్‌లలోగానీ ఎక్కడా రాలేదు అని మన పత్రికలు సంతకం అడుగుతాయి. మూలం అచ్చయింది కదా. సంతకం పెట్టలేక వెనక్కి తీసుకున్నాను.

2023 ఏప్రిల్‌లో ఒక మిత్రురాలు రష్యన్ నవలాకారుడు దోస్తోయెవ్‌స్కీ ‘రచయిత డైరీ’ ఇంగ్లీషు అనువాదం, రెండు లావుపాటి సంపుటాలు నా చేతిలో పెట్టింది. ఆయన నవలలు చదివాను గానీ దీని జోలికి పోలేదు. ఇందులో ఉన్నది నా సమస్యే. నవలలు రాసే మనిషి, పాఠకులతో క్రమం తప్పకుండా తన గొంతుతో మాట్లాడటానికి ఒప్పుకుని, ఆ మాట ఎలా నిలబెట్టుకున్నాడన్నది.

మొదట 1873లో తాను సంపాదకుడిగా ఉన్న ‘గ్రజ్దానిన్’ వారపత్రికలో దాన్ని ఒక శీర్షికగా రాశాడు. తర్వాత 1876 జనవరి నుంచి సొంతంగా నెలపత్రిక చేశాడు. రాసేది ఆయనొక్కడే. చందాలు, పంపిణీ, లెక్కలు భార్య అన్నా గ్రిగోర్యెవ్నా చూసుకునేది. కోర్టు కేసులు, పేపర్లో చదివిన ఆత్మహత్యలు, చిన్నప్పటి జ్ఞాపకాలు, యుద్ధం, రాజకీయం, మధ్యలో కథలు. పాఠకుల ఉత్తరాలు వందల్లో వచ్చేవి. మూర్ఛవ్యాధి ఉన్న మనిషి, ఊపిరితిత్తుల జబ్బు కూడా. ప్రతినెలా ప్రెస్సుకి ఇవ్వాలి. 1876లో జులై, ఆగస్టు కలిపి ఒకే సంచిక వేశాడు. 1877లో అలా రెండుసార్లు కలిపాడు. అది చదివినప్పుడు నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. కలిపి వేయవచ్చని, ఒక వారం మానవచ్చని నేను ఎవర్నీ అడిగి ఉండలేదు.

నన్ను పట్టుకున్నవి 1876 అక్టోబరు, నవంబరు సంచికలు. అక్టోబరులో రెండు ఆత్మహత్యల గురించి రాశాడు. రెండోది ఒక పేద కుట్టుపని అమ్మాయిది. దేవుడి పటం చేతుల్లో పట్టుకుని పై అంతస్తు కిటికీలోంచి దూకింది. పేపర్లో ఉన్నంతే చెప్పాడు. ఇలాంటి సంగతులు చాలాకాలం వదలవని, మనమే ఏదో తప్పు చేసినట్టు వెంటాడతాయని రాశాడు. బతకడానికి పని దొరక్క దూకిందన్న పేపరు మాటనే చెప్పాడు, తనదంటూ తీర్పు ఇవ్వలేదు. నవంబరు సంచిక తెరిస్తే డైరీ లేదు, పాఠకుల్ని మన్నించమని అడిగి, ఈసారికి కథ ఇస్తున్నాను, నెలలో ఎక్కువ భాగం దీంతోనే గడిచింది అన్నాడు. అదే ‘క్రోత్కయా’, సాధుస్వభావం గల స్త్రీ అని అర్థం. బల్ల మీద భార్య శవం ఉంది. తాకట్టు వ్యాపారం చేసే భర్త ఆ గదిలో తిరుగుతూ, తనలో తాను మాట్లాడుకుంటూ, ఇదెలా జరిగిందో తేల్చుకోవాలని చూస్తాడు. అతను చెప్పే ప్రతి కారణం తర్వాత ఇంకో ప్రశ్న పుడుతుంది.

అక్టోబరు పేరాని, నా మే నెల శీర్షికని పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఇద్దరం ఒక స్త్రీ చేసిన, అర్థంకాని పని గురించే రాశాం. ఆయన దాన్ని ప్రశ్నగానే వదిలేశాడు, నెలలో కథ వచ్చింది. నేను అర్థమైందని రాశాను, అధ్యాయం పోయింది. అప్పటిదాకా నేను ‘సంగతిని బయటపెట్టడం వల్ల కథ పోయింది’ అనుకుంటున్నాను. బయటపెట్టినందుకు పోలేదు. దాని మీద తీర్పు చెప్పేసినందుకు పోయింది.

ఈ మాట మీద నాకే అనుమానం కలిగించిన చోటు కూడా ఆ పుస్తకంలో ఉంది. 1876 ఫిబ్రవరి సంచికలో క్రోనెబెర్గ్ కేసు గురించి రాశాడు. ఏడేళ్ళ కూతుర్ని బెత్తాలతో చావబాదిన తండ్రిని కోర్టు వదిలేసింది. ఆ తండ్రి తరఫు లాయరు మీద దోస్తోయెవ్‌స్కీ పేజీలకి పేజీలు మండిపడ్డాడు. తీర్పు చెప్పడం అంటే ఇదే. అయినా ఆ బిడ్డ తర్వాత ఆయన రాసిన ‘కరమజోవ్ సోదరులు’ నవల్లోకి వచ్చింది. ఎలా వచ్చిందో చూడటానికి నవల మళ్ళీ తీశాను. అక్కడ ఆ కోపం ఆ సోదరుల్లో ఒకడైన ఇవాన్ చేతిలో ఉంది. బిడ్డలు ఇలా ఏడుస్తుంటే నీ దేవుడి లోకం నాకెందుకు అని తమ్ముణ్ణి నిలదీస్తాడు. నమ్మకం ఉన్న తమ్ముడి దగ్గర సూటి సమాధానం లేదు. డైరీలో తన తీర్పు అయినదాన్ని, నవల్లో తనకి ఎదురుతిరిగే ప్రశ్నగా ఇంకొకరికి ఇచ్చాడు. అంత శక్తి నాకు లేదు. అంతేకాదు, తీర్పుల్ని తీర్పులుగానే వదిలేసిన భాగాలూ డైరీలో చాలా ఉన్నాయి. కాన్‌స్టాంటినోపుల్ మనదే కావాలన్నవి, 1877 మార్చిలో యూదుల మీద రాసినవి. ఈరోజు అవి చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. నవల్లో ప్రతి మనిషికీ గొంతు ఇచ్చిన వాడు అక్కడ ఎవర్నీ మాట్లాడనివ్వడు.

1877 డిసెంబరు సంచికలో ఆపేస్తున్నానని చెప్పాడు. ఈ రెండేళ్ళ డైరీ కాలంలోనే తనకి తెలియకుండా లోపల రూపం కట్టిన ఒక రచన ఉందని, దాని మీద కూర్చుంటానని రాశాడు. 1879 జనవరి నుంచి 1880 నవంబరు దాకా ‘కరమజోవ్ సోదరులు’ పత్రికలో వచ్చింది. ఆ నవల రాస్తూ మధ్యలో 1880 ఆగస్టులో డైరీ ఒక్క సంచిక వేశాడు, అంతే. రెండూ ఒకేసారి నడపలేదు. అంతటివాడే నడపలేదు కదా అన్నది నేను మా ఇంట్లోవాళ్ళకి చాలాసార్లు చెప్పిన మాట.

మన భాషలో దీనికి భిన్నమైన ఉదాహరణ మాలతీ చందూర్‌గారు. ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ దశాబ్దాలపాటు నడిపారు, నవలలూ రాశారు, 1992లో ‘హృదయనేత్రి’కి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మా అమ్మ ఆ పేజీ కత్తిరించి దాచుకునేది. నాకనిపించేదేమిటంటే, అందులో ఆవిడ పాఠకులు అడిగినదానికి జవాబు చెప్పేవారు, తన కథల ముడిసరుకు అక్కడ ఖర్చుపెట్టాల్సిన పని అంతగా లేదు. నేను పెట్టుకున్న శీర్షిక పూర్తిగా నా జీవితం మీద బతికేది.

2023 జూన్‌లో సబెడిటర్‌గారిని కలిసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆరునెలలు వేరే పద్ధతిలో రాస్తాను, తర్వాత ఆపేస్తాను అన్నాను. ఆయన ఒప్పుకున్నారు, నెలకి ఒక వారం సెలవు కూడా ఇచ్చారు. రెండు నోట్‌బుక్కులు పెట్టుకున్నాను. నీలం అట్టది శీర్షికకి, గోధుమరంగుది నవలకి. గోధుమరంగు దాంట్లోకి ఎక్కింది ఎంత గడువు తరుముతున్నా శీర్షికలోకి రాకూడదు. ఇంట్లోవాళ్ళని, చుట్టాల్ని రాయడం పూర్తిగా మానేశాను. నీలం పుస్తకంలో చాలావరకు చూసి వచ్చినవి ఉండేవి. కుమ్మరి ఆవం ఎలా పేరుస్తారు, కొబ్బరి దింపేవాళ్ళు రోజుకి ఎన్ని చెట్లెక్కుతారు, పాత బస్టాండులో సోడాబండి ఆయన లెక్క ఎలా రాసుకుంటాడు లాంటివి. చివరి పేరా రాయడం మానేయడమే అన్నిటికన్నా కష్టమైంది. మొదటి మూడు వారాలు ఫైలు పంపేముందు చెయ్యి దానంతటదే ఒక ముగింపు రాసేది, నేను కొట్టేసేదాన్ని. స్పందన తగ్గింది, అది దాచను. ‘మీ పాత శైలి బావుండేది’ అన్న ఉత్తరాలు వచ్చాయి. నొప్పేసింది. అయితే గురువారం రాత్రుల్లో పన్నెండో అధ్యాయం మొదలైంది.

ఆ ఆగస్టులోనే అత్త దగ్గరికి వెళ్ళాను. పూతరేకులు పట్టుకెళ్ళాను, ఆమెకి ఇష్టమని. చాలాసేపు ఊరి కబుర్లే చెప్పింది. లేవబోతుంటే, "మీ మావయ్య పేరు కోసం పన్ను కడుతున్నానని రాశావు కదే" అంది. ఔనన్నాను.

"ఆయన పేరుతో నాకేం పనే ఇప్పుడు? రిజిస్ట్రారాఫీసులో బల్ల ముందు కూర్చోబెట్టారు. ఫోటో తీశారు, వేలిముద్ర వేయించారు. ఎంతకి అమ్ముతున్నారో ఒక్కళ్ళూ చెప్పలేదు. మూడు నెలలకి పక్కింటి సూరమ్మ చెప్పింది. అమ్మేసిన ఇంటికి పన్నెందుకంటారు. నేను అమ్మలేదు కాబట్టి కడతాను."

రసీదు ఉన్నంత మాత్రాన ఇల్లు ఆమెదని చట్టం అనదని మెల్లగా చెప్పబోయాను. "చెల్లదని నాకూ తెలుసు" అంది.

నేను సుమంగళి అని రాశాను. పత్రిక చదివిన అంతమంది దాన్ని నమ్మారు. భర్త వీలునామా రాయకుండా చనిపోతే ఆయన ఆస్తిలో పిల్లలతో సమానంగా భార్యకి వాటా ఉందని 1956 హిందూ వారసత్వ చట్టం చెబుతుంది. ఆమె వాటా గురించి ఆ రోజు బల్ల ముందు ఎవరూ మాట్లాడలేదు. ఏటా బస్సెక్కి వెళ్ళి ఆమె చేస్తున్న ఫిర్యాదుని నేను విరహం చేసి అచ్చు వేయించాను. ఆమెని అడగాలని కూడా నాకు తోచలేదు, చివరి వాక్యం ముందే దొరికింది కదా. కాపీ కొట్టినవాళ్ళ మీద నాకొచ్చిన కోపం కన్నా ఈ తప్పు పెద్దది.

ఈ సంగతి రాసుకోవచ్చా అని ఆరోజు అడిగాను. "పేర్లు మార్చు. పుస్తకంలో రాయి, పేపర్లో వద్దు" అంది. చాలాకాలం అలాగే ఉన్నాను. ఇప్పుడు ఇది రాసేముందు మళ్ళీ అడిగాను, ఒప్పుకుంది. సూరమ్మ అన్నది కూడా మార్చిన పేరే.

శీర్షిక 2023 డిసెంబరు ఆఖరి ఆదివారంతో ఆగింది. పద్నాలుగో అధ్యాయం జనవరిలో మొదలుపెట్టి మార్చిలో ముగించాను. పంచాయతీ ఆఫీసు కిటికీ దగ్గర ఒక ముసలామె చిల్లర లెక్కపెడుతూ నిలబడి ఉంటుంది. లోపల గుమాస్తా "ఎందుకమ్మా నీకిది" అంటాడు. ఆమె జవాబు చెప్పదు. అధ్యాయం మొత్తంలో ఎక్కడా చెప్పదు. వేసవిలో వెళ్ళినప్పుడు అత్తకి దాన్ని చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నది. అయిపోయాక, "రసీదు పచ్చ కాగితం అని రాశావు. అది తెల్లదే. పచ్చవి మా పెళ్ళైన కొత్తల్లో ఇచ్చేవాళ్ళు" అంది. దిద్దుకున్నాను.